సారసెన్స్ శాలరీ క్యాప్ గొడవ: ఇన్నేళ్లయినా అభిమానుల కోపం ఎందుకు చల్లారలేదు?

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదీ: లండన్‌లో మాస్టర్స్ చేస్తున్నావు, ఇంట్లో ఉండే స్నేహితుడితో కలిసి సారసెన్స్ రగ్బీ మ్యాచ్‌లకి వెళ్లడం అలవాటైంది, ఎర్ర నలుపు జెర్సీ కూడా కొనుక్కున్నావు. పబ్‌లోనో రైల్లోనో ఆ జెర్సీ చూసిన ప్రతిసారీ ఎవరో ఒకరు "చీటర్స్" అంటున్నారు. 2019లో అసలేం జరిగింది, శిక్ష అనుభవించి వచ్చాక కూడా ఎందుకిలా అంటున్నారు, ఆ క్లబ్‌ని అభిమానించడం తప్పా అని అడిగావు.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే నా మాటని ఎంతవరకు తీసుకోవాలో నీకు తెలియదు. మాది తెనాలి. గ్లోస్టర్‌లో స్థిరపడి పందొమ్మిదేళ్లయింది. కంపెనీల జీతాల లెక్కలు ఆడిట్ చేయడం నా పని. గ్లోస్టర్‌కి సొంత మైదానంలో మ్యాచ్ ఉన్న రోజు కింగ్స్‌హోమ్ స్టేడియంలో షెడ్ అనే స్టాండ్‌లో మా అబ్బాయితో కలిసి నిలబడి చూస్తాను. అంటే సారసెన్స్ విషయంలో నేను మధ్యవర్తిని కాను, వాళ్ల చేతిలో ఓడిపోయిన జట్టు మనిషిని. లెక్కల దగ్గరకి వచ్చేసరికి మాత్రం కాగితం ఏం చెబితే అదే చెబుతాను.

మొదట రూల్ ఏమిటో అర్థం చేసుకో. ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్ రగ్బీలో 1999 నుంచి జీతాల మీద పరిమితి ఉంది, దాన్నే శాలరీ క్యాప్ అంటారు. 2017-18, 2018-19 సీజన్లలో ఒక్కో క్లబ్ సీనియర్ ఆటగాళ్లందరికీ కలిపి ఇవ్వగలిగింది 70 లక్షల పౌండ్లు. ఇద్దరు స్టార్ ఆటగాళ్ల జీతం అప్పట్లో ఈ లెక్కలోకి వచ్చేది కాదు. సొంత అకాడమీలో తయారైన కుర్రాళ్లకి కొంత వెసులుబాటు ఉంటుంది. ఐపీఎల్ పర్స్ లాంటిదే అనుకో. 2025 సీజన్ మెగా వేలంలో ఒక్కో జట్టుకి 120 కోట్లు ఉన్నట్టు.

అయితే ఒక పెద్ద తేడా ఉంది, గొడవంతా దాని దగ్గరే మొదలవుతుంది. ఐపీఎల్ వేలం టీవీలో జరుగుతుంది. ఎవరు ఎంతకి అమ్ముడుపోయారో తెనాలిలో టీకొట్టు దగ్గర కూర్చున్న మనిషికి కూడా తెలుసు. రగ్బీలో అలా కాదు. కాంట్రాక్టులన్నీ నాలుగు గోడల మధ్య. ఎవరికి ఎంత ఇస్తున్నామో క్లబ్ వెళ్లి లీగ్‌లో ఉండే శాలరీ క్యాప్ మేనేజర్‌కి రాసివ్వాలి. మిగతా క్లబ్‌లకీ, టికెట్ కొన్న జనానికీ ఆ కాగితం కనపడదు. క్లబ్ నిజం రాసిందని అందరూ నమ్మి ఆట చూస్తారు.

ఇక సారసెన్స్ విషయం. అప్పట్లో క్లబ్ ఓనర్ నైజెల్ రే. 1995 నుంచి ఆ క్లబ్‌లో తన డబ్బు పోస్తూ వచ్చిన మనిషి. ఆయన కొందరు ఆటగాళ్లతో కలిసి విడిగా కంపెనీలు పెట్టారు. వునిపోలా అన్నదమ్ములతో ఒకటి, రిచర్డ్ విగిల్స్‌వర్త్‌తో ఒకటి, ఇలా. ఇళ్లూ స్థలాలూ కొనడానికి డబ్బు పెట్టడం ఒక రకం. ఇమేజ్ రైట్స్, అంటే ఆటగాడి పేరూ ఫొటో వాడుకునే హక్కులు, ఇంకో రకం. మారో ఇటోజే ఇమేజ్ రైట్స్ కంపెనీలో 30 శాతం వాటాని అసలు విలువ కంటే ఎక్కువ పెట్టి కొన్నారని విచారణ ప్యానెల్ తేల్చింది. ఈ ఏర్పాట్లలో ఏదీ ముందుగా క్యాప్ మేనేజర్‌కి చెప్పి ఒప్పించుకోలేదు. 2019 మార్చిలో పత్రికల్లో మొదటిసారి బయటపడింది.

నైజెల్ రే వాదన ఏమిటంటే, ఇది జీతం కాదు, పెట్టుబడి. రగ్బీ ఆడేవాడి శరీరం ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకే అరిగిపోతుంది. ఆ తర్వాత వాళ్లు బతకడానికి ఒక దారి చూపిస్తున్నాను, అంతే అన్నారు. ఈ మాటని నేను కొట్టిపారేయను. భుజం ఆపరేషన్ మూడుసార్లు చేయించుకున్న మాజీ ఆటగాడొకరు మా వీధిలో ఉన్నారు, పొద్దున్నే కోటు తొడుక్కోవడానికి ఆయన పడే అవస్థ నేను చూస్తాను. ఆటగాళ్ల భవిష్యత్తు గురించి ఆలోచించే ఓనర్ ఉండటం మంచిదే.

కానీ మా వృత్తిలో దీనికి ఒక పేరుంది: కనెక్టెడ్ పార్టీ. జీతం ఇచ్చే యజమానీ, ఆ ఉద్యోగితో వ్యాపారం చేసే భాగస్వామీ ఒకే మనిషి అయినప్పుడు, ఆ వ్యాపారంలో వెళ్లిన డబ్బు జీతమా కాదా అని నిర్ణయించే హక్కు వాళ్లిద్దరికీ ఉండదు. అందుకే రూల్స్‌లో ఓనర్ నుంచి, ఆయన మనుషుల నుంచి ఆటగాడికి వెళ్లే ప్రతి లాభాన్నీ జీతం కిందే చూస్తారు. మినహాయింపు కావాలంటే ముందే వెళ్లి అడగాలి. ఒక్క ఈమెయిల్‌తో తేలాల్సిన విషయం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు అంటే ఇదే.

మాజీ న్యాయమూర్తి లార్డ్ డైసన్ నాయకత్వంలో స్వతంత్ర ప్యానెల్ కూర్చుంది. 2016-17లో దాదాపు 11 లక్షల 35 వేల పౌండ్లు, 2017-18లో 98 వేలు, 2018-19లో 9 లక్షల 6 వేలు పరిమితి దాటినట్టు లెక్క తేలింది. మూడేళ్లకి కలిపి 21 లక్షల పైచిలుకు. కావాలని మోసం చేశారని ప్యానెల్ అనలేదు, నిర్లక్ష్యంగా తెగించారు అంది. ఈ తేడా నువ్వు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే రెండు పక్షాల వాళ్లూ తమకి కావాల్సిన సగమే చెబుతారు. ఆటగాళ్ల మీద అసలు అభియోగమే లేదు. తీర్పు 2019 నవంబర్ 5న వచ్చింది. 53 లక్షల 60 వేల పౌండ్ల జరిమానా, లీగ్ పట్టికలో 35 పాయింట్ల కోత.

ఆ తేదీ గురించి కొంచెం చెప్పాలి. నవంబర్ 2న జపాన్‌లో వరల్డ్ కప్ ఫైనల్. ఇంగ్లండ్ దక్షిణాఫ్రికా చేతిలో 32-12తో ఓడిపోయింది. ఆ ఇంగ్లండ్ జట్టుకి కెప్టెన్ ఓవెన్ ఫారెల్ సారసెన్స్ వాడు. ఇటోజే, వునిపోలా అన్నదమ్ములు, జేమీ జార్జ్, జార్జ్ క్రూయిస్, ఎలియట్ డేలీ, అందరూ సారసెన్సే. శనివారం వాళ్లు మెడలో వెండి పతకాలతో తలలు దించుకుని నిలబడితే దేశమంతా బాధపడింది. మంగళవారానికి అదే ఆటగాళ్ల క్లబ్ పేరు వార్తల్లో ఇంకోలా వచ్చింది. మూడు రోజుల కిందట వాళ్ల కోసం గొంతు పోయేలా అరిచినవాళ్లకి ఏమనాలో తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆ వారం సారసెన్స్ మ్యాచ్ ఎవరితో అనుకున్నావు? మా గ్లోస్టర్‌తోనే, మా కింగ్స్‌హోమ్‌లోనే. నవంబర్ 9, శనివారం. షెడ్ అంటే కూర్చునే సీట్లు లేని స్టాండ్, భుజాలు రాసుకుంటూ నిలబడతాం. ఆ రోజు జనం దొంగ నోట్లు ప్రింట్ చేసుకుని వచ్చారు. సారసెన్స్ ఆటగాళ్లు బయటికి రాగానే వాటిని గాల్లో ఊపారు. నా ముందు డెబ్బై ఏళ్ల పెద్దాయన ఉన్నారు, ఎన్నో ఏళ్లుగా అదే చోట నిలబడే మనిషి, ఎదుటి జట్టు మంచి ట్రై (ఫుట్‌బాల్‌లో గోల్ లాంటిది) చేస్తే చప్పట్లు కొట్టే రకం. ఆయన చేతిలోనూ ఒక నోటు ఉంది. కానీ ఊపలేదు. నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో బిగించి పట్టుకున్నారు. మ్యాచ్ అయ్యేదాకా అలాగే ఉంచుకున్నారు.

ఆ మ్యాచ్ కూడా సారసెన్సే గెలిచింది, 21-12. వాళ్ల పెద్ద ఆటగాళ్లు చాలామంది వరల్డ్ కప్ తర్వాత విశ్రాంతిలో ఉన్నారు. కుర్రాళ్లతో వచ్చి మా ఇంట్లో గెలిచి వెళ్లారు. పట్టికలో వాళ్ల స్కోరు మైనస్ 26 నుంచి మైనస్ 22కి వచ్చింది. నోట్లు షెడ్ మెట్ల మీద తడిసి ముద్దయ్యాయి.

ఇంటికి నడిచి వస్తుంటే మా వాడు ఒక ప్రశ్న అడిగాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. "నాన్నా, అయితే మనం ఓడిపోయిన సెమీఫైనల్ లెక్కలోకి వస్తుందా?"

వాడు అడిగింది 2019 మే 25 నాటి మ్యాచ్ గురించి. గ్లోస్టర్ ఆ సీజన్‌లో మూడో స్థానంలో నిలిచింది. మాకు అది చాలా ఏళ్ల తర్వాత వచ్చిన మంచి సీజన్. డానీ సిప్రియానీ ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. సెమీఫైనల్ సారసెన్స్ సొంత మైదానంలో, అప్పట్లో దాన్ని అలియాంజ్ పార్క్ అనేవారు, నువ్వు వెళ్లే స్టేడియమే. మా అబ్బాయిని భుజాల మీద ఎక్కించుకుని వెళ్లాను. 44-19తో ఓడిపోయాం. వాడు తిరుగు ప్రయాణంలో రైల్లో నా ఒళ్లోనే నిద్రపోయాడు. వాడికి నేను ఏం చెప్పానో తెలుసా? "వాళ్లు మనకంటే బాగా ఆడారు కన్నా, వచ్చే ఏడాది మనం ఇంకా కష్టపడదాం" అన్నాను. ఆరు నెలల తర్వాత చూస్తే, ఆ సీజన్‌లోనే వాళ్లు 9 లక్షల పౌండ్లు ఎక్కువ ఖర్చు పెట్టారని అధికారికంగా తేలింది.

అందరూ నిన్ను చీటర్ అంటున్నది 53 లక్షల జరిమానా గురించి కాదు తమ్ముడూ. ఇలాంటి రైలు ప్రయాణాల గురించి. ప్రతి క్లబ్ అభిమానికీ ఒకటి ఉంది.

అందరికంటే ఎక్కువ ఎక్సెటర్ వాళ్లకి. 2016 ఫైనల్‌లో సారసెన్స్ చేతిలో ఓటమి, 28-20. 2018లో మళ్లీ, 27-10. 2019లో లీగ్ పట్టికలో మొదటి స్థానం ఎక్సెటర్‌దే. ట్వికెన్‌హమ్‌లో ఫైనల్ మొదలైన మొదటి నిమిషంలోనే ట్రై చేశారు, రెండో సగంలో 11 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు, చివరికి 37-34తో పోయింది. మూడు పాయింట్లు. పరిమితి దాటిన డబ్బుతో నిలబెట్టుకున్న ఒక్క ఆటగాడు లేకపోయినా ఆ మూడు పాయింట్లు ఏమయ్యేవో ఎవరూ చెప్పలేరు. ఎక్సెటర్ ఛైర్మన్ టోనీ రో బహిరంగంగానే మోసం అన్నారు, కింది డివిజన్‌కి దించాలన్నారు. సారసెన్స్ అభిమానులకి ఆయనంటే ఇప్పటికీ పడదు. కానీ ఆయన స్థానంలో ఎవరున్నా మాట్లాడకుండా ఉండలేరని నా అభిప్రాయం.

టైటిల్స్ వెనక్కి తీసుకోలేదు. అప్పటి రూల్స్‌లో ఆ అధికారం లేదు. 2018, 2019 ఛాంపియన్ల జాబితాలో ఇవాళ్టికీ సారసెన్స్ పేరే ఉంటుంది. పాయింట్ల కోత రాబోయే మ్యాచ్‌లని శిక్షిస్తుంది, జరిగిపోయినవాటిని ముట్టుకోదు. మా వాడి ప్రశ్నకి జవాబు అది: లెక్కలోకి వస్తుంది. 44-19, అలాగే ఉంది.

అయినా నవంబర్‌లో ఆగిపోయి ఉంటే కోపం ఈపాటికి తగ్గిపోయేదని నేను గట్టిగా నమ్ముతాను. క్లబ్ మొదట తీర్పుని తప్పుబట్టింది, తర్వాత అప్పీల్ చేయకుండా ఒప్పుకుంది. అంతవరకు పర్వాలేదు. అసలు దెబ్బ జనవరిలో తగిలింది. నడుస్తున్న 2019-20 సీజన్‌లో కూడా సారసెన్స్ పరిమితి లోపల లేదని తెలిసింది. క్లబ్ ఛైర్మన్‌గా తప్పుకుంటున్నట్టు రే అప్పటికే ప్రకటించారు. లెక్కల పుస్తకాలన్నీ తెరిచి చూపించండి, లేదా కిందికి వెళ్లడానికి ఒప్పుకోండి అన్న పరిస్థితి వచ్చింది. క్లబ్ కిందికి వెళ్లడాన్నే ఎంచుకుంది. జనవరి 18న ఆ ప్రకటన వచ్చింది. తర్వాత ఇంకో 70 పాయింట్లు కోశారు, మొత్తం 105.

నా ఉద్యోగంలో ఇలాంటిది ఎదురైతే నాకు అర్థమయ్యేది ఒక్కటే. ఎంత పెద్ద జరిమానా అయినా కట్టడానికి సిద్ధపడి, బీరువా తాళం మాత్రం ఇవ్వనంటే, ఆ బీరువా గురించి ఎవరికైనా ఏమనుకోవాలనిపిస్తుంది? కింది డివిజన్‌కి వెళ్లడానికి సారసెన్స్‌కి వేరే కారణాలు కూడా ఉండొచ్చు. సీజన్ మధ్యలో కాంట్రాక్టులున్న ఆటగాళ్లని తీసేయడం మాటలు కాదు. కానీ బయట నిలబడిన అభిమానికి కనిపించింది మూసిన తలుపు. వంద పేజీలు దాటిన ప్యానెల్ నివేదికని జనవరి 23న బయటపెట్టారు, అది పాత మూడేళ్ల గురించి. అది చదివే నేనూ ఇదంతా చెబుతున్నాను. నాలుగో ఏడాది లెక్క మాత్రం జనానికి అలా వివరంగా అందలేదు. అభిమాని శిక్షని జీర్ణించుకుంటాడు. లెక్క చెప్పకపోవడాన్ని జీర్ణించుకోలేడు. ఈ ఏళ్లన్నీ చూశాక నాకు తేలింది ఇదే, నీ ప్రశ్నకి నా దగ్గరున్న అసలు జవాబు కూడా ఇదే.

ఇప్పుడు అటువైపు చూద్దాం. నాతో పనిచేసే ఒకావిడ సారసెన్స్ అభిమాని. వాళ్ల నాన్నగారి కాలం నుంచి, అంటే ఆ క్లబ్ మ్యాచ్‌లకి వందల్లో మాత్రమే జనం వచ్చిన రోజుల నుంచి. సారసెన్స్ వాళ్లు ఎర్ర ఫెజ్ టోపీ పెట్టుకుని మ్యాచ్‌లకి వస్తారు, నువ్వూ చూసే ఉంటావు. నవంబర్‌లో ఆమె ఎవరితోనూ రగ్బీ గురించి మాట్లాడలేదు. జనవరి 18 ప్రకటన వచ్చిన మర్నాడు, ఆదివారం, యూరోపియన్ ఛాంపియన్స్ కప్‌లో పారిస్ క్లబ్ రేసింగ్ 92తో మ్యాచ్. గెలిస్తేనే క్వార్టర్ ఫైనల్. విల్ స్కెల్టన్‌కి రెడ్ కార్డ్, 15 మందికి బదులు 14 మందితో ఆడాలి. బిల్లీ వునిపోలా చెయ్యి విరిగింది. అయినా 27-24తో గెలిచారు. సోమవారం ఆఫీసుకి వచ్చి ఆమె నాతో అన్న మాట: "నిన్న నేను ఏడ్చాను, గెలిచినందుకా పోయినందుకా నాకే తెలియలేదు."

ఆమె ఒక్క పౌండ్ దాచలేదు. ఏ కంపెనీలోనూ వాటా కొనలేదు. ప్రతి ఏడాదీ సీజన్ టికెట్ డబ్బు కట్టింది, వర్షంలో కూర్చుంది. 2016, 2017, 2019లో యూరప్ కప్ గెలిచినప్పుడు గెంతింది. ఇప్పుడు ఆ మూడు సంతోషాలూ ఆమెకి మునుపటిలా లేవు. ఎక్సెటర్ అభిమాని పోగొట్టుకున్నది కప్పు. ఆమె పోగొట్టుకున్నది తను గెలిచానన్న నమ్మకం. ఏది పెద్ద నష్టమో నేను చెప్పలేను.

సారసెన్స్ అభిమానుల్లో నేను చూసిన స్పందనలు ఒకలాంటివి కావు. కొందరు "అందరూ చేసేదే, మేం దొరికిపోయాం" అన్నారు. కొందరు రేని దేవుడిలా వెనకేసుకొచ్చారు, ఆయన లేకపోతే క్లబ్బే లేదని. అది నిజం కూడా, ఏళ్ల తరబడి నష్టాల్లో నడిచిన క్లబ్‌ని ఆయన జేబే మోసింది. కొందరు నిశ్శబ్దంగా సీజన్ టికెట్ రెన్యూ చేసుకున్నారు. మా ఆఫీసావిడ ఈ చివరి రకం.

మొదటి వాదన గురించి ఒక మాట. "అందరూ చేసేదే" అన్నది పూర్తిగా గాలి మాట కాదు. 2022 మార్చిలో లెస్టర్ టైగర్స్‌కి 3 లక్షల 9 వేల పౌండ్ల జరిమానా పడింది. అక్కడా పాత సీజన్ల లెక్కలే, అక్కడా ఇమేజ్ రైట్స్ డబ్బే. మూడు నెలలకి అదే లెస్టర్ ఫైనల్‌లో సారసెన్స్‌ని 15-12తో ఓడించి ఛాంపియన్ అయింది. ఆ రోజు సారసెన్స్ వాళ్ల బాధ నాకు అర్థమైంది. కానీ లెస్టర్‌ది తప్పైతే సారసెన్స్‌ది ఒప్పు అయిపోదు. మా ఊళ్లో పక్కింటివాడు కరెంటు మీటర్‌కి వైరు తగిలించాడని మనమూ తగిలిస్తే లైన్‌మన్ ఇద్దరికీ ఫైన్ వేస్తాడు, అంతేగా.

టైటిల్స్ తీసేసి ఉంటే కోపం చల్లారేదా అని కూడా ఆలోచించాను. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ అని ఇంకో రకం రగ్బీ ఉంది, జట్టుకి 13 మంది. అక్కడ మెల్‌బోర్న్ స్టార్మ్ క్లబ్ ఆటగాళ్లకి రెండు రకాల కాగితాలు రాసి, లీగ్‌కి ఒకటి చూపించి ఇంకోటి దాచింది. 2010 ఏప్రిల్‌లో దొరికిపోయింది. 2007, 2009 టైటిల్స్ రెండూ తీసేశారు. మిగిలిన సీజనంతా గెలిచినా ఓడినా పాయింట్లు లేకుండా ఆడించారు. అంత కఠినమైన శిక్ష. అయినా ఆ టైటిల్స్‌ని ఓడిపోయిన జట్లకి ఇవ్వలేదు, ఆ ఏళ్లకి విజేత పేరు ఉండాల్సిన చోటు ఖాళీ. 2009 ఫైనల్‌లో ఓడిన పరమట్టా అభిమానులకి ఆ ఖాళీ ఏ ఓదార్పూ ఇవ్వలేదు. ఇంకా బాధాకరమైన సంగతి, 2016లో అదే పరమట్టా క్లబ్ క్యాప్ దాటి 12 పాయింట్లు, 10 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు పోగొట్టుకుంది. ఆ ఊరి అభిమాని ఒకే జన్మలో రెండు వైపులా నిలబడ్డాడు.

మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ కావాలంటే 2010 ఐపీఎల్ గుర్తు తెచ్చుకో. రవీంద్ర జడేజాని ఆ సీజనంతా ఆడనివ్వలేదు. రూల్స్ పక్కనపెట్టి ఇంకో ఫ్రాంచైజీతో సొంతంగా బేరం ఆడినందుకు. అప్పటికి జడేజా ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. రగ్బీలో ఓనర్ చేసినదానికి క్లబ్ మునిగింది, ఆటగాడి జోలికి ఎవరూ వెళ్లలేదు. క్రికెట్‌లో ఆటగాడికే శిక్ష పడింది. నాకు ఈ రెండూ సరిపోవు. సంతకం పెట్టిన ఇద్దరూ జవాబు చెప్పాలి. సారసెన్స్ గొడవ తర్వాత లార్డ్ మైనర్స్ 2020 మేలో ఇచ్చిన సమీక్షలో కూడా ఈ ఆలోచన ఉంది: ఆటగాళ్లూ ఏజెంట్లూ కూడా బాధ్యులు కావాలి, విచారణ వివరాలు బయటికి రావాలి, అవసరమైతే టైటిల్స్ తీసేయగలగాలి. రూల్స్ ఆ దారిలోనే గట్టిపడ్డాయి.

క్యాప్ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. డబ్బున్నవాడు ఖర్చు పెట్టుకుంటే నీకేం నొప్పి అంటారు. 2022 సెప్టెంబర్‌లో వూస్టర్, అక్టోబర్‌లో వాస్ప్స్ క్లబ్‌లు దివాలా తీశాయి. 2023 జూన్‌లో లండన్ ఐరిష్ పోయింది. వూస్టర్ మా ఊరికి ముప్పై మైళ్లు. వాళ్లతో మ్యాచ్ అంటే మాకు పండగ. ఒక సోమవారం సాయంత్రం వార్త వచ్చింది, అంతే, ఆ సీజన్‌లో వాళ్లు మళ్లీ మైదానంలోకి రాలేదు. ఆటగాళ్లకి, టికెట్ కౌంటర్‌లో పనిచేసేవాళ్లకి, గడ్డి కోసేవాళ్లకి ఉద్యోగాలు పోయాయి. క్యాప్ ఒక్కటే వీటిని ఆపగలదని నేననను. కానీ పక్క క్లబ్‌తో పోటీపడి లేని డబ్బు పోయడం ఎక్కడికి దారితీస్తుందో మేం దగ్గర నుంచి చూశాం. పరిమితిని రహస్యంగా దాటిన క్లబ్ మిగతావాళ్లని కూడా ఆ గుంత వైపే లాగుతుంది.

ఇక సారసెన్స్ శిక్ష అనుభవించిన తీరు గురించి న్యాయంగా చెప్పాలి. విల్ స్కెల్టన్, లియమ్ విలియమ్స్, క్రూయిస్, బెన్ స్పెన్సర్ వెళ్లిపోయారు. బెన్ ఎర్ల్, మ్యాక్స్ మాలిన్స్ లాంటి కుర్రాళ్లని ఏడాది పాటు వేరే క్లబ్‌లకి పంపారు. ఫారెల్, ఇటోజే, జేమీ జార్జ్, వునిపోలా అన్నదమ్ములు మాత్రం ఉండిపోయి కింది డివిజన్‌లో ఆడారు. ఇంగ్లండ్‌కి ఆడే స్థాయి మనుషులు. 2021 మార్చిలో మొదటి మ్యాచ్ దేశం చివరన కార్న్‌వాల్‌లో, పెన్జాన్స్ అనే చిన్న ఊళ్లో, కోవిడ్ వల్ల స్టాండ్లు ఖాళీ. కార్నిష్ పైరేట్స్ చేతిలో 25-17తో ఓడిపోయారు. ఆ స్కోరు చూసి నాకు నవ్వు రాలేదు. నేను సంతోషిస్తానేమో అనుకున్నాను, రాలేదు. ఆ ఏడాదే పైకి వచ్చారు. 2023లో ఫైనల్‌లో సేల్‌ని 35-25తో ఓడించి మళ్లీ ఛాంపియన్ అయ్యారు. ఆ టైటిల్ గురించి వేలెత్తే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి నీ మూడో ప్రశ్నకి: తప్పు కాదు. ఆ క్లబ్‌ని నువ్వు ఎంచుకున్నావు, నీకు నచ్చింది, వెళ్లు, కేకలెయ్యి, టోపీ కూడా కొనుక్కో. కానీ ఎవరైనా చీటర్స్ అన్నప్పుడు మూడు మాటలు మాత్రం అనకు. "అందరూ చేశారు" అనకు. "పేపర్ వర్క్ పొరపాటు" అనకు, 21 లక్షల పౌండ్లు పేపర్ వర్క్ కాదు. "శిక్ష పడింది కదా, ఇంకా ఎందుకు" అనకు, ఎందుకంటే ఎదుటివాడి రైలు ప్రయాణం నీకు తెలియదు. "అవును, చేశారు, అప్పుడు నేను ఇక్కడ లేను, మీరు ఏ క్లబ్ అండీ?" అని అడుగు. ఇక్కడివాళ్లకి ఆ ప్రశ్న చాలు. రగ్బీలో రెండు జట్ల జనాన్నీ విడదీసి కూర్చోబెట్టరు, పక్క పక్కనే చూస్తారు. ఎక్సెటర్ వాడైతే 2019 ఫైనల్ గురించి చెబుతాడు. చెప్పనివ్వు, మధ్యలో అడ్డుకోకు.

కావాలంటే ప్యానెల్ నివేదిక కూడా చదువు. పొడుగ్గా ఉంటుంది కానీ ఆటగాళ్ల కంపెనీల గురించి రాసిన భాగం సులువుగానే అర్థమవుతుంది. నువ్వు ఫైనాన్స్ చదువుతుంటే కోర్సుకి కూడా పనికొస్తుంది.

సారసెన్స్ మళ్లీ కింగ్స్‌హోమ్‌కి వచ్చినప్పుడు చెప్పు. లండన్ ప్యాడింగ్టన్ నుంచి గ్లోస్టర్‌కి రైలు ఉంది, స్టేషన్ నుంచి స్టేడియం పది నిమిషాల నడక. జెర్సీ వేసుకునే రా, ఎవరూ ఏమీ అనరు, అన్నా నేనున్నాను. షెడ్‌లో ముందు వరసలో ఆ పెద్దాయన ఇప్పటికీ నిలబడతారు. ఆయన పక్కన నిన్ను నిలబెడతాను. మా ఆవిడ పులిహోర కట్టిస్తుంది, హాఫ్‌టైమ్‌లో ఆయనకి కూడా ఇష్టం.